బెల్లు లేని ఇల్లు

తెనాలి,
జూలై 14

అత్తయ్యకు,

ఈ ఉత్తరం పోస్టులో రాలేదేమని ఆశ్చర్యపోకండి. తెచ్చిన అమ్మాయి పేరు సంధ్యారాణి. మీ రేపల్లె అమ్మాయే. పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కి మా యూనివర్సిటీకి వస్తుంది, సాయంత్రం మళ్లీ రైల్లోనే ఇంటికెళ్తుంది. వాళ్లమ్మ మార్కెట్లో చేపలమ్ముతుంది. మీ బోర్డింగు ముందు నుంచే వాళ్లింటికి దారి అట. మీరు జవాబు రాసి ఆమె చేతికిస్తే చాలు, మూడో మనిషి కంటపడకుండా నాకు చేరుతుంది. ఇక్కడ పోస్టులో వచ్చినవన్నీ వార్డెన్ మేడం చింపి చూశాకే మాకిస్తారు.

నన్ను హాస్టల్లో ఎందుకు చేర్చారో నాన్న మీకు చెప్పారో లేదో. రెండేళ్లు బాపట్ల నుంచి రైల్లో తిరిగి చదువుకున్నాను. ఏప్రిల్లో ఒకరోజు రైలు ఆలస్యమైతే మేం నలుగురం ప్లాట్‌ఫారం మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తిన్నాం. అది మన చర్చి సంఘంలో ఎవరో చూశారు. నవ్వుతూ తిన్నామట, అదీ నేరం. ఆఖరి సంవత్సరానికి రైలు మానిపించి ఇక్కడ పడేశారు.

చేర్చిన రోజు నాన్న ల్యాబు చూడలేదు, లైబ్రరీ చూడలేదు. గేటు పట్టుకుని గట్టిగా ఊపి చూసి, "ఆ, బాగుంది" అన్నారు. మొన్న మొన్నటిదాకా ఇది మహిళా డిగ్రీ కాలేజీ. ఇప్పుడు బోర్డు మార్చి విశ్వవిద్యాలయం అని రాయించారు. ప్రిన్సిపాల్ గారిని వైస్ ఛాన్సలర్ గారు అనాలి. సాంబారు మాత్రం పాతదే.

ఫోను బీరువాలో ఉంటుంది. ఆదివారం వరండాలో కూర్చోబెట్టి ఇస్తారు, స్పీకరు పెట్టి మాట్లాడాలి. వార్డెన్ కుసుమకుమారి మేడం పక్కనే కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటుంటారు. పోయిన వారం అమ్మ "అన్నం తింటున్నావా" అని అడిగితే నాకంటే ముందు ఆవిడే "తింటోందండి" అన్నారు. రెండో శనివారం జంటలు జంటలుగా బజారుకు తీసుకెళ్తారు. ముందు ఒక సెక్యూరిటీ ఆవిడ, వెనక ఒకావిడ. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నదాన్ని, షాంపూ కొనుక్కోవడానికి వరసలో నడుస్తున్నాను.

ఒక్క మైక్రోబయాలజీ ల్యాబులో ఉన్నంతసేపే నాకు ఊపిరాడుతుంది. నిన్న క్యాంటీన్ మజ్జిగ చుక్క స్లైడు మీద వేసి చూశాం. ఎంత మంది ఉన్నారో అందులో, ఎవరినీ గేటు పాస్ అడక్కుండా ఎటు పడితే అటు తిరుగుతున్నారు. వాటిని చూసి కుళ్లుకున్నాను.

మీ,
సుజన

---

రేపల్లె,
జూలై 19

సుజనా,

ప్రభువు కృప నీకు తోడైయుండును గాక. నీ ఉత్తరం తెచ్చిన పిల్ల చలాకీగా ఉంది. టిఫిన్ పెడితే వద్దనకుండా తింది, అది నాకు నచ్చింది.

మీ వార్డెన్ని నువ్వు తిట్టిన తిట్లన్నీ నాకూ తగిలాయి. నేను చేసే ఉద్యోగమూ అదే కదా. ఈ మిషను బోర్డింగులో ఎనభై మంది ఆడపిల్లలకు మేట్రన్ని. బెల్లు కొట్టేదాన్ని నేనే, గేటు వేసేదాన్ని నేనే. వాళ్లు నా వెనక నన్నేమంటారో నాకు తెలియదనుకుంటారు. "తాళాలమ్మ" అంటారు. కానీ గేటు వేశాక నేనూ లోపలే ఉంటానని ఏ పిల్లకీ తట్టదు.

మీ నాన్న మీద కోపం పెట్టుకోకు. వినోద్ చిన్నప్పటి నుంచీ అంతే, కోడిపిల్లను గంప కింద మూసేసి అది బతికే ఉందా అని గంటకోసారి గంపెత్తి చూసేవాడు. ప్రేమ లేక కాదు. వాడికి ప్రేమించడం అంతవరకే వచ్చు.

మజ్జిగ సంగతి నువ్వు రాశాక ఇక్కడ నేను మజ్జిగ తాగలేకపోతున్నాను. ఇలాంటివి ముందు ముందు రాయకు. బాగా చదువుకో.

అత్త,
సరోజిని

---

తెనాలి,
సెప్టెంబరు 16

అత్తయ్యా,

మీకు మాత్రమే చెబుతున్నాను. గబగబా రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా లేకపోతే ఏమనుకోకండి.

జనవరి నుంచి మాకు క్లాసులుండవు, ఆఖరి సెమిస్టరంతా ఎక్కడైనా పని నేర్చుకోవాలి. విశాఖలో ఒక ల్యాబు ఉంది. విదేశాలకు పంపే రొయ్యల్లో చెడు సూక్ష్మజీవులున్నాయేమో చూసి చెప్పే చోటు. మా మైక్రోబయాలజీ మేడం నా పేరు పంపితే వాళ్లు ఆవిడ ఫోనులోనే అరగంట ప్రశ్నలడిగి నన్ను తీసుకుంటామన్నారు. మా యూనివర్సిటీ మొత్తం మీద నన్నొక్కదాన్నే. పని బాగా చేస్తే అక్కడే ఉద్యోగం ఇస్తారట.

వెళ్లాలంటే తండ్రి స్వయంగా వచ్చి వైస్ ఛాన్సలర్ గారి ముందు సంతకం పెట్టాలి. నాకు ఇరవై నిండాయి, ఓటుంది. అయినా నాన్న సంతకమే కావాలి.

ఇది పోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఏప్రిల్లో ఈ గేటు లోంచి తిన్నగా బాపట్లలో ఇంటి గేటు లోకి వెళ్తాను. మన సంఘం బళ్లో టీచరు పనికి నాన్న అప్పుడే మాట్లాడి ఉంచారు. ఇంటి నుంచి బడి కనిపిస్తుంది, బడి నుంచి ఇల్లు కనిపిస్తుంది. ఇక నేను జన్మలో మైక్రోస్కోపు చూడను.

నాన్నతో ఇప్పుడే అనకండి. దసరా సెలవుల్లో సమయం చూసి నేనే మెల్లగా చెబుతాను. ఆయనకు ఒక్కసారిగా చెబితే ఒక్కసారిగా కాదంటారు. మీరు ప్రార్థన చేయండి, అదే చాలు.

సుజన

---

తెనాలి,
అక్టోబరు 7

సరోజిని గారికి,

నిన్న ఆరాధన అయ్యాక నాన్న వచ్చారు. ఒక్కరే కాదు. మన పాస్టరు ఎబినేజర్ అయ్యగారు, అమ్మగారు, స్త్రీల సమాజం నుంచి ఇంకో ముగ్గురు కారు మాట్లాడుకుని బాపట్ల నుంచి వచ్చారు. విజిటర్స్ హాల్లో పిల్లల తల్లిదండ్రులు ఎంతమంది ఉన్నారో. వాళ్లందరి మధ్యా నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి తల మీద ఐదుగురూ చేతులు పెట్టారు. విశాఖ పట్టణపు ఆకర్షణ నుంచి ఈ బిడ్డను విడిపించు తండ్రీ అని అయ్యగారు గట్టిగా ప్రార్థించారు. ఆమెన్ అన్న గొంతుల్లో అన్నిటికంటే పెద్ద గొంతు మా వార్డెన్ గారిది. ఆవిడ క్రైస్తవురాలు కూడా కాదు.

అమ్మగారు నన్ను కౌగిలించుకుని, "మీ అత్త రేపల్లె సమాజంలో నీ గురించి ప్రార్థనాంశం ఇచ్చిందమ్మా, అందుకే సమయానికి మాకు తెలిసింది" అన్నారు.

ప్రార్థన చేయమన్నాను. మీ గదిలో, మీరొక్కరే. ఆ మాట రాయాల్సిన అవసరం ఉందని నాకు తట్టలేదు.

ఇప్పుడు నాకు బజారు లేదు, ఆదివారం ఫోను లేదు. మెట్ల మీద నన్ను చూసి పిల్లలు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతున్నారు. ఏ అబ్బాయితోనో వెళ్లిపోబోతుంటే పట్టుకున్నారని అందరికీ తెలిసిపోయింది. ఏ అబ్బాయో నాకే తెలియదు.

సంధ్యకు శ్రమ ఇవ్వకండి. జవాబు అక్కరలేదు.

ఇట్లు,
సుజన

---

రేపల్లె,
అక్టోబరు 9

నా తల్లీ,

శ్రమ ఇవ్వొద్దన్నా ఇస్తున్నాను. సంధ్య నేను కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే ఉంది. నా మీద ఆ పిల్లకూ కోపమే. చించెయ్యాలనిపిస్తే చదివి చించెయ్యి.

బుధవారం స్త్రీల సమాజంలో దేని కోసం ప్రార్థించాలో అందరూ తలో అంశం చెప్పుకుంటాం. ఒకరికి కళ్ల ఆపరేషను, ఒకరికి కొడుకు తాగుడు. ఎన్నేళ్లుగానో నా వంతు రాగానే "బోర్డింగు పిల్లలు" అనడమే, ఇంకేమీ చెప్పుకోవడానికి నాకు లేదు. ఆ బుధవారం నాకంటూ ఒక మాట దొరికింది. మా మేనకోడలికి విశాఖలో పెద్ద ల్యాబులో చోటొచ్చింది, ప్రభువు దారి తెరవాలి అన్నాను. గొప్పగా అన్నాను సుజనా. నా కూతురన్నట్టే అన్నాను.

దారి తెరవాలన్నది బాపట్ల చేరేసరికి దారి మూయాలి అయింది. మనవాళ్ల మధ్య ప్రార్థనాంశం ఎంత దూరం పోతుందో, పోయే కొద్దీ ఎలా మారుతుందో తెలియని దాన్ని కాదు. నలుగురూ ప్రార్థిస్తే నీకు బలం అనుకున్నాను. నలుగురికీ తెలిస్తే నీకు సంకెల అనుకోలేదు. తప్పు నాదే. వినోద్‌కు ఫోను చేశాను, నా పేరు చూసి ఎత్తలేదు.

క్షమించమని అడగను. ఇప్పుడప్పుడే నువ్వు క్షమించలేవు.

అత్త

---

తెనాలి,
నవంబరు 21

అత్తయ్యకు,

సంధ్య మీరు చిక్కిపోయారంది. తినండి.

దసరాకు ఇంటికెళ్లాను. నాన్న ఒక్క మాటే అన్నారు: "సంఘమంతా ప్రార్థించాక ఇంక నేననేదేముంది." ఆయన కాదనలేదు, ఔననలేదు, సంఘం మీద పెట్టి చేతులు కడుక్కున్నారు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. నేను తిరిగి వస్తుంటే బస్సు దాకా వచ్చి నా చేతిలో పచ్చడి సీసా పెట్టి వెనక్కి తిరిగింది.

బయటికి వెళ్లని వాళ్లకు క్యాంపస్‌లోనే పని చూపిస్తారు. నాకిచ్చింది ఫినాయిల్ తయారీ. నాలుగు నెలలు ఫినాయిల్ చేసి సీసాల్లో పోసి లేబుళ్లు అంటించాలి. వాటితో మా హాస్టల్ బాత్‌రూములు కడుగుతారు. మూడేళ్లు సూక్ష్మజీవుల గురించి చదివించింది ఇందుకే కాబోలు.

డిసెంబరు పద్నాలుగు లోపు నాన్న సంతకం రాకపోతే విశాఖ వాళ్లు ఇంకొకర్ని తీసుకుంటారట. మా మేడం ఇంకా అడుగుతున్నారు. ఆవిడ ఎదురుపడితే పక్కకు తప్పుకుంటున్నాను.

నాకిప్పుడు కోపం కూడా రావడం లేదు. అదే భయంగా ఉంది. అలవాటైపోతోంది అత్తయ్యా.

సుజన

---

బాపట్ల,
డిసెంబరు 8, ఆదివారం

సుజనా,

మీ ఇంట్లో నీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను. మీ నాన్న అన్నం తిని అటు తిరిగి పడుకున్నాడు. నిద్రపోవడం లేదు, నిద్రపోతున్నట్టు ఉన్నాడు. రేపు రేపల్లె వెళ్లాక ఇది సంధ్య చేతికిస్తాను.

ఇవాళ ఇక్కడ కోత పండగ. చర్చి నిండా వరి కంకులు, అరటి గెలలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. కృతజ్ఞతార్పణ వేళ ఒక్కొక్కరూ ముందుకెళ్లి, దేవుడు చేసిన మేలు చెప్పి కవరు ఇస్తున్నారు. మీ నాన్న సంఘ పెద్ద కదా, బల్ల పక్కన నిలబడి కవర్లు అందుకుంటున్నాడు. నేను లేచాను. ఊరి నుంచి వచ్చిన అక్క కదా అని మైకు నా చేతికే ఇచ్చారు.

"నా మేనకోడలు సుజన విశాఖ వెళ్లి పని నేర్చుకోవడానికి మా తమ్ముడి మనసును ప్రభువు మెత్తబరిచాడు, అనుమతి ఇచ్చాడు, అందుకు స్తోత్రం" అన్నాను.

చర్చంతా ఆమెన్ అంది. ఎబినేజర్ అయ్యగారు వినోద్ భుజం మీద చెయ్యేసి, "మంచి నిర్ణయమయ్యా, తండ్రి అంటే అలా ఉండాలి" అన్నారు. అక్టోబరులో నిన్ను విడిపించమని ప్రార్థించింది ఆయనే. మీ నాన్న నా కవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కాదంటే అక్క బలిపీఠం ముందు అబద్ధమాడిందని చెప్పాలి. చెప్పలేకపోయాడు.

అబద్ధమాడానా అని బస్సులో దారంతా ముందే ఆలోచించుకున్నాను. జరగబోయే మేలుకు ముందే స్తోత్రం చెప్పడం విశ్వాసమని ఎన్ని ప్రసంగాల్లో విన్నాం. ఆ లెక్కన నాకు విశ్వాసం ఎక్కువైంది, అంతే.

తర్వాత కానుకల వేలంలో మీ నాన్న కోపంతో ఒక గుమ్మడికాయ పాడాడు. పోటీకి ఎవరూ లేకపోయినా తన పాట తనే పెంచుకుంటూ పోయాడు. ఆపమని మీ అమ్మ కొంగు పట్టి లాగింది.

ఇంటికొచ్చాక అడిగాడు. "ఎప్పుడిచ్చానక్కా నేను అనుమతి?"

"ఇస్తావని నమ్మాన్రా."

"నలుగుర్లో నా నోరు కట్టేశావ్."

"నువ్వు దాన్ని నలుగుర్లో మోకాళ్ల మీద కూర్చోబెట్టలేదా?"

చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. తర్వాత అన్నాడు: "అది ఒక్కతే ఉండటానికి వీల్లేదు. నువ్వెళ్లి దాంతో ఉంటావా? ఉంటానంటే మంగళారం వెళ్లి సంతకం పెడతా."

నేను బోర్డింగు వదల్లేనని వాడి ధీమా. వంటింట్లో మీ అమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఉంటాను" అన్నాను.

సుజనా, నువ్వు విశాఖ వెళ్తున్నావు.

అత్త

---

తెనాలి,
డిసెంబరు 11

అత్తయ్యా,

నాన్న నిన్న వచ్చి సంతకం పెట్టారు. పెన్ను రెండుసార్లు జేబులో పెట్టుకుని మళ్లీ తీశారు. వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి వేసి, "అత్త మాట విను" అన్నారు. ఆయన వెళ్లిపోయాక బాత్‌రూములోకి పోయి ఏడ్చాను. సంతోషంతోనే.

మీరు నా కోసం చేసింది ఈ లోకంలో ఎవరూ చేయరు. ఆ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత రాయబోయేది చదివాక మీరు నమ్మరేమో.

మీరు రావద్దు.

నాలుగు రోజులుంటే వద్దనను. కానీ కాపురం పెట్టి ఉంటే నేను వెళ్లినట్టు కాదు. మీరు తిడతారని కాదు. ఒక్క మాట కూడా అనరు, నాకు తెలుసు. ల్యాబు నుంచి బయటపడి సముద్రం వైపు ఓ నాలుగడుగులు వేద్దామనుకుంటాను, మీరు గుమ్మంలో కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తుంటారని గుర్తొస్తుంది. నా కాళ్లు వాటంతటవే ఇంటి వైపు తిరుగుతాయి. ఒక్కరోజు, ఒక్కసారైనా, నా కోసం ఎవరూ ఎదురుచూడని సాయంత్రం కావాలి నాకు. అది ఎలా ఉంటుందో తెలియకుండానే ముసలిదాన్నైపోతానేమోనని భయం.

నన్ను దింపి వెనక్కి వెళ్లిపోండి. నాన్నకు విశాఖలోనే ఉంటున్నానని చెప్పండి. ఇంత అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

మీ సుజన

---

రేపల్లె,
డిసెంబరు 13

సుజనా,

నీ ఉత్తరం సంధ్య నిన్న సాయంత్రం ఇచ్చింది. చదివి మడిచి పెట్టి, పిల్లలకు అన్నాలు పెట్టించి, మళ్లీ చదివాను. బాధ కలిగింది. కలగలేదని రాస్తే నువ్వు నమ్మవు.

నువ్వన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. వినోద్ నన్ను నీకు తోడుగా పంపడం లేదు, కాపలాగా పంపుతున్నాడు. రోజూ చీకటి పడగానే ఫోను చేస్తానన్నాడు, ముందు నా గొంతు వినాలట, తర్వాత వెనక నీ గొంతు వినాలట. కాబట్టి దింపి వచ్చెయ్యడం కుదరదు. ఇంకో సంగతి కూడా ఉంది. సోమవారమే నేను రాజీనామా ఇచ్చేశాను. కొత్త మేట్రన్ నిన్ననే పెట్టెతో దిగింది. తాళాలగుత్తి ఆమె నడుముకి చేరింది, నా గది ఆమెకిచ్చారు, నేను సిక్‌రూములో పడుకుంటున్నాను. వెనక్కి రావడానికి నాకు చోటు లేదు.

నేను రాకపోతే నువ్వు వెళ్లలేవు. నువ్వు వెళ్లకపోతే నేనూ ఇక్కడి నుంచి కదలలేను. మనిద్దర్నీ ఒకే తాడుతో కట్టాడు మీ నాన్న. విప్పడం నాకు చేతకాలేదు తల్లీ, ఎంత ఆలోచించినా చేతకాలేదు.

నా గురించి కూడా ఒక మాట విను. చిన్నప్పుడు బోర్డింగులో చదివాను, ట్రైనింగు హాస్టల్లో ఉండి చేశాను, ఉద్యోగం మళ్లీ బోర్డింగులోనే. బెల్లు లేని ఇంట్లో నేనింతవరకు ఉండలేదు. నాకు ఆకలి ఎప్పుడు వేస్తుందో కూడా తెలియదు, బెల్లు కొడితే తింటాను. వినోద్ ఉంటావా అని అడిగినప్పుడు నేను ఉంటానన్నది నీ కోసమొక్కటే కాదు. నోట్లోంచి ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో చూసి నాకే సిగ్గేసింది.

గదికి తాళంచెవులు రెండు చేయిద్దాం, నీది నీ దగ్గర, నాది నా దగ్గర. ఎక్కడికెళ్లావని అడగను. అడగకుండా ఉండటం నేర్చుకోవాలి, నాకది కొత్త. మీ నాన్న ఫోను వచ్చినప్పుడు నువ్వు ఇంట్లో లేకపోతే స్నానం చేస్తోందంటాను. నాలుగు నెలలూ నువ్వు స్నానం చేస్తూనే ఉన్నావని వాడు అనుకుంటే అనుకోనీ.

గుమ్మంలో కుర్చీ వెయ్యను. ఆ మాట ఇస్తున్నాను. నిద్ర సంగతి మాత్రం మాట ఇవ్వలేను. ఆఖరి పిల్ల లోపలికి వచ్చేదాకా నేను ఏనాడూ కన్ను మూయలేదు. నువ్వు వచ్చేసరికి నేను మేలుకుని ఉంటే అది నా అలవాటు, నీ తప్పు కాదు. దాని కోసం నువ్వు త్వరగా రావద్దు.

మీ అత్త,
సరోజిని